పెయింటుకో పాయింటు

ఆ ఎండాకాలం మా ఇంటికి మా అమ్మాయి కాలేజీ సరిగ్గా ఇరవై బకెట్ల దూరంలో ఉంది.

బకెట్లంటే పెయింటు బకెట్లు, ఒక్కొక్కటి ఇరవై లీటర్లు. నేను పెయింటు మేస్త్రీని. సున్నంతో మొదలుపెట్టి సున్నా దగ్గరే ఆగిపోయానని మా ఆవిడ అంటుంది. ఆవిడ లాండ్రీలో పనిచేస్తుంది, మనుషుల్ని ఉతకడం అలవాటు. మా వృత్తిలో బయటివాళ్ళకు తెలియని సంగతొకటి ఉంది. పెయింటు బకెట్ మూత తీస్తే, మూత లోపలివైపు చిన్న ప్లాస్టిక్ కవర్లో బొత్తామంత టోకెన్ అతికించి ఉంటుంది. బకెట్ కొనేది ఇంటివాళ్ళు, మూత తీసేది మేస్త్రీ, టోకెన్ వెళ్ళేది మేస్త్రీ జేబులోకి. దాన్ని గీకి, కింద కనిపించే నంబరు ఫోన్లో కొడితే కంపెనీ పాయింట్లు వేస్తుంది. పెయింటుకో పాయింటన్నమాట. ఆ పాయింట్లకు ఫ్యాను తీసుకోవచ్చు, మిక్సీ తీసుకోవచ్చు, ఓపిక పడితే స్కూటరు తీసుకోవచ్చు. వీటన్నిటికీ అడుగున, చీమలు బారు కట్టినంత అక్షరాలతో ఇంకోటుంది: మేస్త్రీ పిల్లల కాలేజీ ఫీజు. దానికి వాడితే పాయింటు విలువ రెండింతలు. మొదటి ఏడాది ఫీజు మొత్తం కంపెనీయే కట్టేస్తుంది. కాకపోతే ముప్పయ్యో తారీఖులోపు వాళ్ళు గీసిన గీత దాటాలి. ఒక్క పాయింటు తగ్గినా మళ్ళీ ఫ్యాన్లూ మిక్సీలే.

నాలుగేళ్ళు పోగేశాను. మా అమ్మాయికి సివిల్ ఇంజనీరింగు సీటొచ్చింది. ఆ కబురు తెలిసిన సాయంత్రం నలుగురం ఫోను చుట్టూ తలలు పెట్టి చూశాం. గీతకి ఇరవై బకెట్లు తక్కువ.

"ఒక్క మంచి ఇల్లు తగిలితే చాలు, గీత దాటి గంతులేస్తాం" అన్నాను.

అమ్మాయి పాత క్యాలెండరు కాగితం వెనక ఎర్ర స్కెచ్చుతో 20 అని రాసి వీధి తలుపుకి లోపలివైపు అంటించింది. "రోజూ వెళ్ళేటప్పుడు చూసుకో నాన్నా" అంది.

నాలుగో తల మా బామ్మర్దిది. నా దగ్గరే పని, నా మీదే ఏడుపు. "బావా, మూతలు తీసేది నేను. ఎత్తేది నేను. నడుం నాదీ, టోకెన్ నీదీనా?" అన్నాడు.

"నీకెందుకురా పాయింట్లు?"

"స్కూటరు కావాలి."

"నువ్వెక్కితే అది నిన్ను దింపేసి పారిపోతుంది."

"నాలుగేళ్ళ నుంచి నా వాటా నొక్కేస్తున్నావు. అక్క మొహం చూసి ఊరుకున్నా."

"అక్క మొహం చూసే నేనూ నీకు కూలిస్తున్నా. నీ పని చూస్తే ఎవడిస్తాడు?"

మా ఆవిడ మధ్యలో వచ్చి, "మీ ఇద్దర్నీ ఒకే నీళ్ళల్లో నానబెట్టకూడదు, ఒకడి రంగు ఇంకొకడికి అంటుకుంటుంది" అని వాణ్ణి ఇంటికి పంపించేసింది.

వారం తిరక్కుండా ఇల్లు తగిలింది. రెండంతస్తులు, చుట్టూ ఎత్తైన ప్రహరీ, లోపలా బయటా పని. యజమాని రిటైరైన ఆడిటరు, పెద్దావిడ, ఒక్కతే ఉంటుంది. జీవితమంతా ఎదుటివాళ్ళ లెక్కల్లో తప్పులు పట్టి పింఛను తెచ్చుకుంది. పింఛనొచ్చాక పట్టడానికి తప్పులు దొరక్క ఆకలి మీదుంది. అది నాకు ముందే తెలియాల్సింది.

ఇంటి చుట్టూ ఒకసారి తిరిగాను. మామూలుగా మేమంతా ఒకటో రెండో బకెట్లు ఎక్కువే చెప్తాం. తలుపుల్నీ కిటికీల్నీ కూడా గోడల్లో కలిపేసి కొలుస్తాం. అడిగేవాడు ఉండడు, గోడ తనంతట తాను తన గోడు చెప్పుకోదు. ఆ రోజు నా అనుభవం పదమూడంది. నా నోరు ఇరవై అంది. మా తలుపు మీది అంకె నాలుక చివర కూర్చునుంది మరి.

"ఇరవై ఎలా వచ్చింది?" అందావిడ.

"అనుభవం మేడమ్. పాతికేళ్ళ అనుభవం."

"దాన్ని ఏ కాలమ్‌లో రాయాలి?"

నేను పెద్దగా నవ్వాను. నా నవ్వుకి సగం బేరాలు కుదిరిపోతాయి. ఆవిడ నవ్వలేదు. అయినా ఇరవై బకెట్లూ దిగాయి.

మొదటి రోజు మా అలవాటు ప్రకారం, "అన్ని మూతలూ ఒకేసారి తీసి పెద్ద డ్రమ్ములో కలపాలి మేడమ్, లేకపోతే గోడకో రంగొస్తుంది" అన్నాను. ఇందులో సగం నిజమే. రెండో సగం, తీసిన బకెట్‌ని షాపువాడు వెనక్కి తీసుకోడు.

ఆవిడ లోపలికెళ్ళి స్క్రూడ్రైవరు తెచ్చుకుంది. ముక్కాలి పీట లాక్కుని బకెట్ల ముందు కూర్చుంది. "మూతలు నేను తీస్తాను. ఒకటైపోతే ఇంకొకటి."

"మీకెందుకు మేడమ్ శ్రమ?"

"నాకు పొద్దుపోవద్దూ?"

మొదటి మూత టక్కుమంది. మూతతో పాటు నా మూతీ తెరుచుకుంది. ఆవిడ టోకెన్ పీకి వెలుతురుకి పెట్టి చూసింది. "ఇదేమిటి?"

"అది... కంపెనీ బొత్తాం. మేస్త్రీలకిస్తారు."

"బకెట్ ఎవరు కొన్నారు?"

"మీరే."

"మరి బకెట్‌లోది ఎవరిది?" అని టోకెన్‌ని తన కళ్ళజోడు పెట్టెలో వేసి మూసింది.

"అది మేస్త్రీ ఫోన్లో తప్ప ఎక్కదండీ. మీకు ఎందుకూ పనికిరాదు."

"పనికిరానివి దాచుకోవడం నాకు అలవాటే. మా ఆయన్ని నలభై ఏళ్ళు దాచుకున్నాను."

వెనక మా బామ్మర్ది కిసుక్కున నవ్వాడు. పుట్టీ పట్టిన బద్ద వాడి మీదకి విసిరాను. గోడకి తగిలింది. ఆవిడ ఆ మరకని కూడా ఎక్కడో రాసుకుంది.

అలా నాలుగు రోజులు గడిచాయి. నాలుగు టోకెన్లు కళ్ళజోడు పెట్టెలోకి వెళ్ళాయి. నాకు నిద్ర లేదు, తిన్నది ఒంటికి పట్టడం లేదు. అయిదో రోజు నిచ్చెన మీద నుంచే అందుకున్నాను. "ఇది మా వృత్తి హక్కండీ! మా చెమట! టోకెన్ ఆపడమంటే కూలీ కడుపు కొట్టడమే!"

ఆవిడ పీట మీద నుంచి లేవలేదు. "టోకెన్ సంగతి తర్వాత. ముందు టోకరా సంగతి తేల్చు. అయిదో బకెట్ తీశాను, పై అంతస్తు లోపలా బయటా అప్పుడే అయిపోయింది. ఇరవై బకెట్లు ఈ గోడలు తాగవు మేస్త్రీ. తాగితే నిలబడవు."

రోడ్డు మీద ఇద్దరు ముగ్గురు ఆగారు. నాకు జనం కనిపిస్తే గొంతు ఇంకా లేస్తుంది. అదొక జబ్బు.

"నా లెక్క మీద అనుమానమా? అయితే రేపు మా అమ్మాయి చేత కొలిపిస్తా! ఇంజనీరింగు సీటొచ్చింది దానికి! అది ఎంత చెప్తే అంత! మీకూ నాకూ అదే శిలాశాసనం!"

"ఎంత చెప్తే అంతే కదా?" అందావిడ.

"అంతే!"

ఎంత తెలివైన పని చేశానని లోలోపల మురిసిపోయాను. ఆ ఇరవై అంకె వేసింది ఎవరు? మా అమ్మాయే. ఎవరి కాలేజీ? మా అమ్మాయిదే. దానికి ఇంకొకరు నేర్పాలా?

మర్నాడు మధ్యాహ్నం అమ్మాయి అన్నం కారియరుతో వచ్చింది. సంగతి విని నా మొహంలోకి ఒకసారి చూసి, టేపు తీసుకుంది. రెండో కొస ఆడిటరమ్మ పట్టుకుంది. గది తర్వాత గది. నేను వెనకే తిరిగాను.

"కిటికీలు తీసెయ్యకమ్మా, వాటి చుట్టూ పనెక్కువ."

"కిటికీకి గోడరంగు వెయ్యరు నాన్నా."

దగ్గాను. కన్ను కొట్టాను. తలుపు మీది అంకె గుర్తొచ్చేలా, రెండు చేతుల వేళ్ళూ రెండుసార్లు చాపాను. మా బామ్మర్ది నిచ్చెన మీద కూర్చుని సినిమా చూస్తున్నట్టు చూశాడు. "బావా, ఈ కొలతల్లో ఏదో కలత కనిపిస్తోంది" అన్నాడు. నా దగ్గర నేర్చుకున్న మాటల్ని నా మీదే రుద్దుతాడు వెధవ.

అమ్మాయి మెట్ల మీద కూర్చుని అరగంట సేపు లెక్కేసింది. మూడు కాగితాలు నిండాయి. ఒకచోట పెన్ను ఆపి, దూరంగా వీధి వైపు చూసింది. మళ్ళీ రాసింది.

"పదమూడు" అంది.

"ఎంతమ్మా?" అందావిడ.

"పదమూడండీ. పుట్టీ జాగ్రత్తగా పెడితే పన్నెండున్నరే."

పెన్ను మూత పెట్టింది. కాగితాలు ఆవిడకిచ్చి, కారియరు తెచ్చి నా ముందు పెట్టింది. "చల్లారిపోతోంది నాన్నా, తిను" అని వెళ్ళిపోయింది.

ఆడిటరమ్మ కేకలు వెయ్యలేదు. వేస్తే బాగుండేది. షాపుకి ఫోను చేసి ఏడు బకెట్లు వెనక్కి పంపించింది. తర్వాత నా దగ్గరికొచ్చి, "పనయ్యాక పదమూడు టోకెన్లూ నీకే ఇస్తాను" అంది.

"మీ దానం నాకక్కర్లేదు."

"దానమెవరు చేస్తున్నారు? పని చేస్తున్నావు, ఇస్తున్నాను. నీ అబద్ధాలకి కోత పెట్టడం మొదలుపెడితే చివరికి నువ్వే నాకు బాకీ పడతావు. అందుకని వదిలేస్తున్నా."

ఆ సాయంత్రం మా ఇంట్లో పెయింటు లేకుండానే గోడలు ఎర్రబడ్డాయి.

"ఇరవై రాసింది నువ్వే కదే!" అని అరిచాను.

"నేను రాసింది ఎన్ని కావాలో. వాళ్ళ గోడకి ఎన్ని పడతాయో రాయలేదు."

"ఎవరి కోసం చేశాను? నా కోసమా? నేనేమైనా కాలేజీకి పోతున్నానా?"

"నాలుగేళ్ళ నుంచి కంపెనీ ఇస్తోందనే అనుకున్నా. ఎవరి జేబులోంచి తీసి ఇస్తోందో ఇవాళ తెలిసింది. ఇంతకుముందు ఇళ్ళల్లో ఎన్ని ఎక్కువ చెప్పావు నాన్నా?"

"ఒకటో రెండో. అందరూ చెప్పేదే."

"సరిగ్గా చెప్పు."

"...ఒక్కోసారి మూడు."

వీధి చివరికి వినిపించే గొంతు నాది. ఆ 'మూడు' నాకే సరిగ్గా వినిపించలేదు. దాంతో ఇంకా మండుకొచ్చింది. "ఇంత నీతిమంతురాలివి కదా! నీ ఫీజు నువ్వే కట్టుకో! నా దగ్గరికి రాకు!"

"రాను" అంది. ఆ 'రాను' మాత్రం శుభ్రంగా వినిపించింది.

పదమూడు టోకెన్లూ ఎక్కించాక ఏడు బకెట్లు మిగిలాయి. సొంత డబ్బుతో ఏడు బకెట్లు కొనే స్తోమతే ఉంటే ఈ బొత్తాల వెంట ఎందుకు పడతాను? ఇంకో ఇల్లు పట్టుకుందామని ఊరంతా తిరిగాను. తిరిగిన చోటల్లా ఒకే ప్రశ్న. "మీ అమ్మాయి కొలిచిందా?" ఆడిటరమ్మ పింఛను ఆఫీసులోనూ, మందుల షాపులోనూ, ఎదురైన ప్రతి మనిషికీ చెప్పేసింది. ఇన్నాళ్ళకి ఆవిడకి పొద్దుపోయే పని దొరికింది. నాకు పని దొరకలేదు.

ముప్పయ్యో తారీఖు వచ్చింది, వెళ్ళింది. ఫోన్లో కంపెనీ యాప్‌లో టై కట్టుకుని పళ్ళికిలించే బొమ్మ ఒకడున్నాడు. మర్నాడు పొద్దున్నే వాడు పలకరించాడు: అభినందనలు, మీరు స్కూటరుకు అర్హులు!

వాణ్ణి చేతికందితే ప్రైమరు వేసి మూడు కోట్లు కొట్టేవాణ్ణి.

స్కూటరు దిగింది. రంగు నీలం. ఇంటి ముందు పెడితే ఇరుగుపొరుగు స్వీట్లేవని అడిగారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంతలో మా బామ్మర్ది వచ్చాడు, చేతులు వెనక్కి కట్టుకుని దాని చుట్టూ తిరిగాడు.

"ఎంతకిస్తావు బావా?"

"కొత్తది. షాపు ధరే."

"రిజిస్ట్రేషన్ లేదు, గ్యారంటీ కాగితం నీ పేరు మీదుంది, పైగా నా నడుం మీద సంపాదించింది. సగం ధర."

"సగం ధరకి సగం స్కూటరు తీసుకుపో. ముందు చక్రం నాది."

రెండు గంటలు తిట్టుకున్నాం. వాడి చిన్నతనం నుంచి నా పెళ్ళిచూపుల దాకా ఏదీ మిగల్లేదు. చివరికి ముప్పాతిక ధరకి తాళాలు వాడి చేతిలో పడ్డాయి. వాడి మొహంలో ఆ వెలుగు చూసి తాళాలు మళ్ళీ లాక్కోవాలనిపించింది.

కాలేజీవాళ్ళు సగం ఇప్పుడూ సగం ఆరు నెలల్లోనూ కట్టొచ్చన్నారు. స్కూటరు డబ్బు మొదటి సగానికి కొంచెం తక్కువగా వచ్చింది. మా ఆవిడ ఆ డబ్బు అమ్మాయి ముందు పెట్టింది.

"ఆ డబ్బు నాకొద్దమ్మా."

"వద్దంటే? ఊళ్ళో గోడలన్నీ గోకి ఎవరి రంగు వాళ్ళకి తిరిగిచ్చొస్తావా?"

"అది తప్పు డబ్బు."

"లాండ్రీలో నేను రోజుకి నలభై మరకలు చూస్తాను. కొన్ని పోవు. పోలేదని చొక్కా చింపెయ్యం. తొడుక్కుని వెళ్తారు, అంతే. తీసుకో."

తీసుకుంది. నా వైపు చూడలేదు. తగ్గిన కొంచెం ఎక్కడి నుంచి తెచ్చిందో మూడు రోజుల తర్వాత తెలిసింది. ఆడిటరమ్మ పక్కింటివాళ్ళు పిలిచి కొలిపించుకున్నారట. తర్వాత ఎదురింటివాళ్ళు. ఇంటికింత అని రేటు పెట్టుకుంది, కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టి ఇస్తోంది. రెండో కొస పట్టుకోవడానికి మా బామ్మర్దిని కూలికి పెట్టుకుంది. వాడు స్కూటరు మీద దాన్ని తిప్పుతున్నాడు. నా పాయింట్ల మీద, నా కూతురు, నా బకెట్లని తగ్గించడానికి!

అమ్మాయి కొలతలు మొదలుపెట్టిన పదో రోజు పొద్దున్న మా ఇంటి ముందు పదకొండు మంది మేస్త్రీలు నిలబడ్డారు. ముందు మా మేస్త్రీల పెద్ద, డిస్టెంపరన్న. మనిషి పేరులోనే టెంపరు పెట్టుకున్నాడు.

"ఒరేయ్ మేస్త్రీ, బయటికి రా! నీ కూతురు మా నోటి దగ్గర కూడు లాగేస్తోందిరా!"

"నాకేం చెప్తావు? నాతో మాట్లాడదు."

"ఇంటికి రెండు బకెట్లు ఎగిరిపోతున్నాయి. మావాడి హాస్టలు ఫీజు ఎవడు కడతాడు? నువ్వా? నీ ఇంజనీరమ్మా?"

వాడి టోకెన్లు కూడా చీమల బారు అక్షరాల కిందికే వెళ్తున్నాయని నాకు తెలుసు. అయినా వాడు నా గుమ్మం ముందు నిలబడి అరవడం నచ్చలేదు. "గొంతు తగ్గించు. ఇక్కడ అరిచే హక్కు నాది" అన్నాను.

"ఆపించు. లేకపోతే నీకు ఈ ఊళ్ళో నిచ్చెన అద్దెకిచ్చేవాడుండడు. నీ పనికి ఒక్క కూలీ రాడు. చెప్తున్నా."

చెప్పినట్టే చేశారు. ఆ మర్నాటి నుంచి చిన్నాచితకా పనికి కూడా నాకు తోడు ఎవరూ రాలేదు. మా బామ్మర్ది కూడా, "నేను రేపు వీళ్ళ మధ్య బతకాలి బావా" అని టేపు అమ్మాయి చేతిలో పెట్టేసి స్కూటరెక్కి వెళ్ళిపోయాడు. వాణ్ణి దింపి పారిపోతుందనుకున్న బండి వాడితోనే పారిపోయింది.

వానలు మొదలవడానికి ఇంకా వారముంది. కాలేజీకీ వారమే. పొద్దున్న నేను వరండాలో కూర్చుని ఎండిపోయిన బ్రష్షుల్ని కిరసనాయిల్లో నానేస్తున్నాను. అమ్మాయి వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఇవాళ ఒక ఇల్లుంది. హాలు రెండంతస్తుల ఎత్తు. నిచ్చెనెక్కడం నాకు చేతకాదు."

ఇరవై మూడు రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట. మంచిగా అనొచ్చు కదా, నేనైనా మంచిగా వినొచ్చు కదా.

"కాలేజీలో నేర్పుతారులే" అన్నాను.

"కాలేజీ వచ్చే వారం. గోడ ఇవాళ."

"ఎవరిదా పని?"

"డిస్టెంపరు మామయ్యది. ఇరవై రెండు బకెట్లు చెప్పాడట."

చేతులు తుడుచుకున్నాను. ఎందుకు లేచానో నాకిప్పటికీ తెలీదు. దాని మీద కోపం తగ్గి మాత్రం లేవలేదు.

హాల్లో డిస్టెంపరన్న నలుగురు మనుషులతో గోడకానుకుని నిలబడి ఉన్నాడు. ఇంటాయన సోఫాలో కూర్చుని చూస్తున్నాడు. ఉన్న ఒక్క పెద్ద నిచ్చెనా డిస్టెంపరన్నదే. ఇంటాయన ఎదుట నిచ్చెన ఇవ్వనని అనలేకపోయాడు. ఎక్కాను. నిచ్చెన చాల్లేదు. పక్కనున్న అటక మీదికి కాలు పెట్టి, నడుం వంచి, టేపు కొస పైకప్పుకి ఆనించాను. రెండో కొస కింద అమ్మాయి నేలకి బిగించి పట్టుకుంది. సున్నా కొస దాని దగ్గర, అంకె నా చేతి దగ్గర.

"ఇరవై అడుగులు దాటే ఉంటుంది కదా మేస్త్రీ?" అన్నాడు కింద నుంచి డిస్టెంపరన్న. గొంతులో తేనె. "మేమూ కొలిచాం. అంతే వచ్చింది."

పాతికేళ్ళ నోరు నాది. పద్దెనిమిదిని చూస్తే ఇరవై అనే నోరు. కిందికి చూశాను. అమ్మాయి తల ఎత్తలేదు. పెన్ను కాగితం మీద ఆనించి ఉంది. ఆ పెన్ను ఎవరి అంకెనైనా రెండోసారి అడిగి గానీ రాయదని మా బామ్మర్ది చెప్పాడు. 'సరిగ్గా చూశారా' అంటుందట ఎవరినైనా.

"పద్దెనిమిది అడుగుల రెండంగుళాలు!" అని అరిచాను. ఎంత గట్టిగానంటే, రోడ్డు మీద సైకిలు బెల్లు ఆగింది.

డిస్టెంపరన్న తన మనుషుల వైపు తలూపాడు. ఇద్దరు వచ్చి నిచ్చెన తీసి భుజాన పెట్టుకున్నారు. "ఇది మాది" అన్నాడు. అందరూ నిచ్చెనతో గుమ్మం దాటి వెళ్ళిపోయారు. నేను అటక మీద, కాళ్ళు వేలాడేసుకుని, టేపు కొస పట్టుకుని, కిందికి వచ్చే దారి లేకుండా మిగిలాను. నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాను, గుమ్మాన్నీ, నిచ్చెననీ, కంపెనీనీ, కనిపించని ఆ టై బొమ్మనీ.

అమ్మాయి పద్దెనిమిది రెండు అని రాసుకుంది. రెండోసారి అడగలేదు.

"ఎలాగూ పైనే ఉన్నావు కదా నాన్నా" అంది కాగితం తిప్పుతూ. "పక్క గోడ కూడా చెప్పు."